ఏరన్నఖ్ అన్న మాటకు నేనే సాక్షి

మొన్న సాయంత్రం పంచాయతీ రేడియో ముందు కూర్చుని వార్తలు వింటున్నాం. చదివే అమ్మ ఏదో సభ గురించి చెబుతూ, వచ్చినవాళ్లలో ఐర్లాండు దేశస్థులు కూడా ఉన్నారని అన్నది. ఒక్క మాట, అంతే. ఆ తర్వాత వానల సంగతికి పోయింది. కానీ రేడియో ముందున్న పది పన్నెండు మందీ నా వైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టారు.

"పంతులూ, మీ లష్కర్ మామోళ్ల దేశం రేడియోల గూడ వచ్చె" అన్నాడు చాయ హోటల్ పటేల్.

"మామకు గా పేరు ఏడ దొరికెనో, పాపం" అన్నాడు ఇంకొకడు.

నేనూ నవ్వాను. నవ్వకపోతే వాళ్లు ఇంకా ఎక్కువ నవ్వుతారు. ఇంటికి వచ్చి కాగితం ముందేసుకున్నాను.

మొదలే ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను అబద్ధాలు చెప్పే మనిషిని. బడిలో తెలుగు వాచకం చెప్పేటప్పుడు అక్షరం తప్పనివ్వను గానీ, నాలుగింటికి గంట కొట్టించి హోటల్ బెంచీ మీద కూర్చున్నానంటే నా నోటికి హద్దుండేది కాదు. మా బావి ఎంత లోతంటే, పొద్దున బొక్కెన విడిచి, ఇంటికి పోయి అన్నం తిని, ఒక కునుకు తీసి వస్తే అప్పుడు నీళ్ల చప్పుడు వినిపిస్తుందని చెప్పినవాణ్ని నేనే. ఒక ఏడు గాలిదుమారానికి మా ఊరి గొర్రె ఒకదాని మీది ఉన్ని మొత్తం ఊడి, కొట్టుకుపోయి, పక్క ఊరి బట్టతల పటేలు నెత్తికి అంటుకుందనీ, అప్పటినుంచీ ఆయన ఏడాదికి రెండుసార్లు గొర్లతో పాటు కూర్చుని కత్తిరించుకుంటున్నాడనీ చెప్పినవాణ్నీ నేనే. కోస్గి సంత దాకా నా గప్పాలకు పేరుండేది. అందుకని ఇప్పుడు చెప్పబోయేది మీరు నమ్మకపోతే తప్పు మీది కాదు. అయినా చెప్పాలి. చెప్పడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు.

ఆయన పేరు రాయను. ఊరు కూడా ఆ పేరును ఎప్పుడో వదిలేసింది. సికింద్రాబాదును మా వైపు లష్కర్ అంటారు. చిన్ననాడు అక్కడి తెల్ల సిపాయిల వంటశాలలో పనిచేసి వచ్చాడు కాబట్టి అందరికీ లష్కర్ మామ. కురుమ మనిషి. నలభై గొర్లు, ఒక కుక్క, ఒక భార్య. ఈ వరస నాది కాదు, ఆయన లెక్క పెట్టేదే అలా. ఆయన భార్య పక్కనే ఉంటే మాత్రం ఆమెను కుక్క కంటే ముందు చెప్పేవాడు.

గొంగడి కింద గుండీలు లేని ఖాకీ కోటు ఉండేది. గుండీల చోట ఉన్నిదారం ముడులు. చాయ కూర్చుని తాగేవాడు కాదు. నిటారుగా నిలబడి, సాసరు ఛాతీకి ఎదురుగా పట్టుకుని తాగి, తాగిన కప్పు తానే కడిగి, తుడిచి, పిడి కుడివైపుకు వచ్చేటట్టు బోర్లించేవాడు. "నా పని నువ్వు చేస్తే నేను నీ గొర్లు కాయాల్నా మామ?" అని హోటల్ పటేల్ అనేవాడు. "గొర్లు కాసుడు నీతోని కాదు. అవ్విటికి తెలివి ఉంటది" అనేవాడు మామ, ముఖంలో ఏమీ కనపడనీయకుండా.

నేను ఆ ఊరి బడికి కొత్తగా వచ్చిన వారంలోనే ఆయన నన్ను పట్టుకున్నాడు. మా వైపు కొత్త మనిషి కనపడితే పేరు తర్వాత, ముందు అడిగేది "మీరెవరోళ్లు?" అని. నేను మా ఊరు, మా ఇంటివాళ్ల సంగతి చెప్పాను. ఆయన తల ఊపి అన్నాడు:

"ఐర్లాండోళ్లు గూడ గిట్లనే అడుగుతరు పంతులూ. మనం ఓళ్లు అని తగిలిస్తం సూడు, వాళ్లు అఖ్ అని తగిలిస్తరు. గొంతుల కెల్లి రావాలె. అఖ్."

అని కుడిచెయ్యి నా ముఖం ముందు పెట్టాడు. ఆ చెయ్యే నాకు ఇప్పటికీ కనపడుతుంది. గొర్ల బొచ్చు పట్టి పట్టి మెత్తబడిన అరచెయ్యి, చాయ మరకలున్న వేళ్లు. ఒక్కొక్క వేలు విప్పుతూ చెప్పాడు. చూపుడు వేలు: ఒక్కడుంటే ఏరన్నఖ్, ఐర్లాండు మనిషి. నడిమి వేలు: పది మంది ఉంటే ఏరన్నీ. ఉంగరం వేలు: ఆ ఒక్కడిది ఏదన్నా ఉంటే, వాడి అంగీ అనుకో, అప్పుడూ ఏరన్నీ. చిటికెన వేలు: వాణ్ని పిలిస్తే, అ ఏరన్నీ. చివరికి బొటనవేలు: పది మందిదీ కలిపి ఏదన్నా ఉంటే మళ్లీ మొదటికే, ఏరన్నఖ్.

"ఇంగ్లీసోడు ససనఖ్. వాన్ని పిలువు సూద్దాం?"

"అ ససనీ" అన్నాను, పాఠం పట్టుకున్న గర్వంతో.

"కాదు. పిలిస్తే మూతి మారుతది. అ హసనీ. స పోయి హ వస్తది. జర్మనోడు గ్యారమానఖ్. పిలిస్తే అ యారమానీ. గ గూడ పోయింది." కొంచెం ఆగి, "మనోడు, ఇండియావోడు, ఇందియఖ్" అన్నాడు, చూపుడు వేలు తన ఛాతీకి తాకించి.

తెలుగు పంతుల్ని కదా, నాకు విభక్తులు కొత్త కాదు. రాముడు అన్నవాణ్ని పిలిస్తే రామా అవుతాడని రోజూ చెప్పేవాణ్నే. కానీ ఇందులో నాకు తోచింది వేరు. గప్పాలు కొట్టేవాడికి ఇంకో గప్పాలవాడి బలహీనత వెంటనే పట్టుబడుతుంది. ఐదు వేళ్లు చూపించి రెండు మాటలతోనే సరిపెట్టాడు. కల్పించేటప్పుడు సరుకు అయిపోయి ఉంటుంది, బొటనవేలికి వచ్చేసరికి మొదటి మాటనే తిప్పి ఇచ్చాడు అనుకున్నాను. ఆ రోజే నా మనసులో ఆయనను నా పోటీదారుగా రాసుకున్నాను. మెచ్చుకున్నాను కూడా. నా తప్పు అక్కడ మొదలైంది.

ఊరికి ఆయన మాటలు ఆట. "ఎల్లయ్యఖ్, ఇటు రా" అని ఒకడు, "అ మల్లీ" అని ఇంకొకడు. మందలో గొర్లకు ఆయన జాతుల పేర్లే పెట్టాడు. పరాయి చేనులో మూతి పెట్టేది ససనఖ్. కొమ్ములు వంచి ప్రతిదానితో కొట్లాడేది గ్యారమానఖ్. కొండంచున ఒంటరిగా మేసేది అలబనఖ్, అంటే స్కాట్లాండు మనిషి. సాయంత్రం గుట్ట మీద నిలబడి, "అ హసనీ" అని సాగదీసి పిలిచేవాడు. జొన్నచేను గట్టు మీది నుంచి ఆ గొర్రె తల ఎత్తేది, నములుడు ఆపేది, కాసేపు ఆలోచించేది, తర్వాత వచ్చేది. ఇందులో నా కల్పన లేదు. నేను కల్పిస్తే అది జవాబు కూడా చెప్పేది.

ఆయన మాత్రం నవ్వులకు కోపం తెచ్చుకునేవాడు కాదు. ఒక్కటే కోరిక ఉండేది, అది నాతోనే చెప్పాడు. గుట్ట కింద మంద మేస్తుండగా, కర్రకు గడ్డం ఆనించి అన్నాడు:

"పంతులూ, నువ్వు పట్నం పోతుంటవు. ఆడ పుస్తకాల అంగళ్లుంటయి. గీ మాటలు ఏ పుస్తకంలనన్న ఉంటయి గద? దొరికితే హోటల్ కాడ అందరి ముందట ఒక్కసారి సదువు. మామ చెప్పింది నిజమే అని ఒక్క మాట అను. నాకింకేం వద్దు."

"చూస్తా మామ" అన్నాను.

చూడలేదు. పట్నం వెళ్లిన ప్రతిసారీ బస్సు దిగేసరికి ఆయన రోడ్డు మీద ఉండేవాడు. "దొరికిందా?" అనేవాడు. "లేదు మామ, తిరిగి తిరిగి కాళ్లు పోయినయి" అనేవాణ్ని. నిజానికి సినిమా చూసి వచ్చేవాణ్ని. నేను చెప్పిన వేల అబద్ధాలలో ఒక మనిషిని నిజంగా మోసం చేసినది అదొక్కటే. ఆయన దాన్ని ప్రతిసారీ నమ్మేవాడు.

మా ఊళ్లో కాముని పున్నం తెల్లవారి ఒక ఆట ఉండేది. రంగులు కడుక్కున్నాక మగవాళ్లంతా హోటల్ పందిరి కింద చేరి గప్పాల పందెం పెట్టేవాళ్లు. అందరికంటే పెద్ద గప్పం కొట్టినవాడికి, ఓడినవాళ్లంతా నిలబడి తలకు కొత్త రుమాలు చుట్టాలి. ఎర్ర అంచు తెల్ల రుమాలు, పది మూరలది. వరుసగా నాలుగేళ్లు అది నా తల మీదికే వచ్చింది.

ఐదో ఏడు మామ వచ్చాడు. అంతకు ముందు ఎన్నడూ రాలేదు. గొర్ల దొడ్డికి ముళ్లకంప మోసుకుని పోతూ, మేము పిలిస్తే ఆగాడు. ఎవరో అడిగారు, "మామా, గా మాటలు నీకు నేర్పినోడు ఎవడు? గదన్నా చెప్పు" అని. అడిగినవాడి గొంతులో ఆ రోజు ఎందుకో వెక్కిరింత లేదు. మామ ముళ్లకంప దించాడు. మమ్మల్నందరినీ ఒకసారి చూశాడు. ఇన్నాళ్లకు అడిగారు అన్నట్టు చూశాడు.

"సిపాయిల దవాఖానల జొరం మనిషి" అని మొదలుపెట్టాడు. "నేను గంజి తీస్కపోయేటోన్ని. మొదటి దినం ఇంగ్రేజ్ సాబ్, గంజి తాగు అని పిలిచిన. మొకం గోడ దిక్కు తిప్పుకున్నడు. తినలే. రెండో దినం గూడ తినలే. మూడో దినం నన్ను కూసుండమన్నడు. గాయినెకు ఉర్దూ జరంత వస్తుండె. పక్క మంచం దిక్కు చెయ్యి సూపి ససనఖ్ అన్నడు. తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఏరన్నఖ్ అన్నడు. నేను గూడ గదే మాట అన్న. గప్పుడు తిన్నడు."

హోటల్ పటేల్ పొయ్యి మీది చాయ దించి వచ్చి కూర్చున్నాడు.

"దినాం గంజి తాగుకుంట ఒక్క వేలు నేర్పేటోడు. ఎందుకు సాబ్ అని అడిగిన. నేను ఈడ సస్తే పుస్తకంల నన్ను ఇంగ్లీసోడని రాస్తరు, నువ్వొక్కనివన్నా యాదుంచుకో అన్నడు. పొద్దుగాల పోంగనే అ ఏరన్నీ అని పిలిస్తే, కండ్లు తెరిసి, ఓ అనేటోడు. నలభై దినాలు పిలిచిన. నలభై దినాలు పలికిండు. నలభై ఒకటో దినం పిలిచిన. పలకలే. గంజి సేతిల పట్టుకుని మల్ల పిలిచిన. గా మాట తప్పు పలికిన్నేమో అని, జర మంచిగ పలికి, మల్ల పిలిచిన."

అక్కడ ఆపాడు. ముళ్లు గీరుకున్న చేతులు ఒకదానితో ఒకటి తుడుచుకున్నాడు.

నేను లేచాను. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇది. లేచింది నేనే. నా కళ్లలో నీళ్లున్నాయి, కానీ అవి పనితనాన్ని చూసి వచ్చిన నీళ్లు. గప్పంతో ఏడిపించవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. రుమాలు తీసి, "ఓడిన మామా, నువ్వే గెలిచినవ్" అని ఆయన తలకు చుట్టాను. అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆ చచ్చిపోయిన సిపాయికి ఊరంతా లేచి నిలబడింది అనుకున్నాడు. ముఖం అలా వెలిగింది. ఆ వెలుగు మీదనే హోటల్ పటేల్ భుజం తట్టి అన్నాడు:

"గిసుంటి గప్పం నా జిందగీల ఇనలే మామా. పంతుల్ని మట్టి కరిపిచ్చినవ్."

మామ చేతులు అలాగే జోడించి ఉన్నాయి. నా వైపు చూశాడు. కోపం కాదు. అది నిజంగా నా అభిప్రాయమేనా అని అడుగుతున్నట్టు. నేను ఇంకా చప్పట్లు కొడుతున్నాను. ఆయన రుమాలు మెల్లగా విప్పాడు. మడత మీద మడత పెట్టి, అంచులు కలిపి, బెంచీ మీద పెట్టాడు. ముళ్లకంప ఎత్తుకుని పోయాడు.

ఆ సాయంత్రం నుంచి ఆయన గొర్లను పిలవలేదు. ఈల వేసేవాడు. ఎవరైనా పరాచికానికి "అ మామీ" అంటే, వినపడనట్టు పోయేవాడు. నేను బస్సు దిగితే రోడ్డు మీద ఉండేవాడు కాదు. ఒకసారి నేనే గుట్ట దగ్గరికి పోయి, "మామా, ఈసారి పట్నంల పుస్తకం చూస్తా" అన్నాను. "వద్దు పంతులూ, తీరుబడి ఉంటే పిల్లలకు లెక్కలు చెప్పు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాద ఏళ్ల తరబడి ఉండిపోయింది.

తర్వాత దగ్గు పట్టుకుంది. మొదట చలికాలం దగ్గు, తర్వాత ఎండాకాలం కూడా. మనిషి కోటులో సగమయ్యాడు. ఒక పొద్దున ఆయన భార్య, నేను అత్త అని పిలిచే ఆమె, బడి గేటు దగ్గర నిలబడింది.

"పంతులూ, నల్లగొండ దిక్కు సిస్టరమ్మల పెద్ద దవాఖాన ఉన్నదంట గద. గాయినెను తీస్కపో. కాయిదాలు గిట్ల సదవనీకె మాకెవరున్నరు? నేను గొర్లను ఇడిసి రాలేను."

తీసుకుపోయాను. రెండు బస్సులు మారి, పొద్దు వాలేసరికి చేరాం. పొడుగాటి వార్డు, తెల్లటి సున్నం గోడలు, కిటికీ పక్క మంచం ఇచ్చారు. నేల తుడిచే ఆయమ్మ, "పొద్దుగాల ఇంగ్లీసు సిస్టరమ్మ వస్తది, మంచిగ చూస్తది" అని ధైర్యం చెప్పింది. ఆయన వాళ్లూ వీళ్లూ ఏ దేశమో పట్టనట్టు కళ్లు మూసుకున్నాడు.

తెల్లారి ఆమె వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. తెల్ల బట్టలు, ఎర్రగా కందిన ముఖం. మంచం మంచం దగ్గర ఆగి, జ్వరం చూసే గాజుపుల్ల పెట్టి, మెల్లగా తెలుగు మాట్లాడుతూ వస్తున్నది. మా పక్క మంచం దగ్గర ఆ గాజుపుల్ల చేతిలోంచి జారి నేల మీద పగిలింది. "అ యీయ" అన్నది తనలో తాను, అంటే ఓ దేవుడా అని పిలవడం.

మామ కళ్లు తెరిచాడు.

మోచేతి మీద లేచాడు. దానికే దగ్గు వచ్చింది, తగ్గేదాకా ఆగాడు. ఆమె గాజు ముక్కలు ఏరి ఆయమ్మకు ఇచ్చి మా మంచం దగ్గరికి వచ్చింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, మెల్లగా, కావాలనే, తప్పు మాట వేశాడు.

"ససనఖ్?"

ఆమె ముఖం ఒక్కసారిగా బిగుసుకుంది. "నీ హా" అన్నది గట్టిగా, ఆలోచించకుండానే. అంటే కాదని. అని, తాను ఎవరికి ఏ భాషలో జవాబు చెప్పిందో అప్పుడు తెలిసి, మంచం కడ్డీ పట్టుకుంది.

మామ నవ్వాడు. ఏళ్ల తర్వాత ఆయన పళ్లు చూశాను. "గట్లనే మొకం మాడ్చుకున్నడు గాయిన గూడ" అన్నాడు నాతో. ఆమె వైపు తిరిగి, "ఏరన్నఖ్" అన్నాడు.

"ఏరన్నఖ్" అన్నది ఆమె. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది.

తర్వాత ఆ చెయ్యి లేచింది. ఎముకలు తేలిన ఐదు వేళ్లు, ఒక్కొక్కటే విప్పుతూ. నడిమి వేలు దగ్గర ఆయన "ఏరన్నీ" అంటే ఆమె తల అడ్డంగా ఊపింది. "ఏరన్నిగ్" అన్నది.

"ఏరన్నీ" అన్నాడు మామ.

"కాదండి. ఏరన్నిగ్."

"నాకు నేర్పినోడు గట్ల చెప్పలే అమ్మా. ఏరన్నీ."

చావుమంచం మీద ఉన్న కురుమ మనిషి ఐర్లాండు సిస్టరుతో ఐర్లాండు మాట గురించి కొట్లాడుతుంటే, నేను నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి చూశాను. ఇలాంటిది నేను కల్పించలేను. నా బావి కంటే లోతైనది ఇది.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నది. "మీకు నేర్పినవారు పడమటివారు. మేము దక్షిణం. అక్కడ నీ అంటారు, మా దగ్గర నిగ్ అంటారు. రెండూ సరైనవే. ఆయన ఎక్కడున్నారు?" అని అడిగింది.

"లష్కర్‌ల మట్టి కింద" అన్నాడు మామ. "ఇంగ్లీసోడని రాసినరేమో. నాకు ఎర్కలే."

బొటనవేలు ఒక్కటి మిగిలి ఉంది. దాన్ని ఆమే తన చేతితో విప్పింది. "పది మందిదీ అంటే?" అని అడిగింది, బడిపిల్లవాణ్ని అడిగినట్టు.

"మల్ల మొదటికే. ఏరన్నఖ్."

"అవును" అన్నది.

ఆమె వెళ్లాక మామ దిండు మీదికి ఒరిగి, కిటికీ వైపు చూస్తూ అన్నాడు:

"ఇన్నవా పంతులూ?"

"ఇన్న మామా." ఇంకా ఏదో అనాలని చూశాను. పుస్తకాల అంగళ్ల గురించి, సినిమాల గురించి, రుమాలు గురించి. అన్నీ వస్తాయి నా నోటికి, అది రాలేదు.

ఆయనే అన్నాడు. "గదంత ఇడిసిపెట్టు. ఊర్లకు పోయినంక హోటల్ కాడ చెప్పు. గంతే. గప్పం కాదని చెప్పు."

"చెప్తా మామా. నా మీద ఒట్టు."

ఆమె ఆ రెండు రోజులూ పని మధ్య పది నిమిషాలు చూసుకుని వచ్చి కూర్చునేది. ఆయన దగ్గర ఉన్నవి ఆ కొన్ని మాటలే. వాటినే అటు తిప్పీ ఇటు తిప్పీ ఇద్దరూ చెప్పుకునేవాళ్లు. మూడో రోజు పొద్దున ఆమె వార్డు తలుపు దగ్గరి నుంచే పిలిచింది. "అ ఇందియీ" అని. ఆయన పలకలేదు. ఆమె దగ్గరికి వచ్చి, వంగి, మళ్లీ పిలిచింది. నేను మంచం అవతల నిలబడి ఉన్నాను. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. నేను ఆ చూపు నుంచి తప్పించుకోలేదు.

శవాన్ని ఊరికి తెచ్చే ముందు ఆమెను ఒక చీటీ అడిగాను. "ఈయన మాటలు నిజమని మీ భాషలో రాసివ్వండి సిస్టర్, మా ఊరికి చూపించాలి" అన్నాను. నాలుగు వరుసలు రాసి ఇచ్చింది. వాళ్ల పాత రాత, ఇంగ్లీషు అక్షరాల్లా ఉండీ ఇంగ్లీషు కాదు. అక్షరాల నెత్తిన చుక్కలు.

పదకొండో రోజు దినాలు చేశారు. భోజనాలయ్యాక మగవాళ్లంతా వాకిట్లో కూర్చున్నారు. నేను లేచి నిలబడ్డాను. దవాఖాన, గాజుపుల్ల, ఐదు వేళ్లు, నీ అనాలా నిగ్ అనాలా అన్న కొట్లాట, అన్నీ జరిగినవి జరిగినట్టు చెప్పాను. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. పెంచకుండా చెప్పడం నాకు అలవాటు లేదు కాబట్టి చాలాచోట్ల తడబడ్డాను.

కొట్లాట దగ్గరికి వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. చివరికి వాకిలి మొత్తం నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. పదకొండు రోజులుగా బిగబట్టుకున్న ఊరు, దుఃఖం కొంచెం దిగిందన్న నవ్వు.

"మంచిగ చెప్పినవ్ పంతులూ" అన్నాడు హోటల్ పటేల్, కళ్లు ఒత్తుకుంటూ. "మామ ఆత్మ సల్లబడుతది. ఆయినె గప్పానికి నువ్వు తోక తగిలిచ్చినవ్."

"ఇది గప్పం కాదు పటేలా. చీటీ ఉంది, చూడు."

చీటీ చేతులు మారింది. తిప్పి చూశారు, తలకిందులుగా చూశారు. "చుక్కలు గూడ పెట్టినవా పంతులూ, నీకు మస్తు ఓపిక" అని ఒకడు నా చేతికే ఇచ్చాడు. నేను ఒట్టు పెట్టాను. ఒట్టుకు ఇంకా నవ్వారు. ప్రతి గప్పానికీ ముందు నేను పెట్టేది అదే ఒట్టు.

ఆ తర్వాత ఆరు నెలలకు ఆమెనే ఊరికి తీసుకువద్దామని దవాఖానకు పోయాను. ఆమెను ఎక్కడికో దూరపు దవాఖానకు మార్చారని చెప్పారు. ఆ ఊరి పేరు అక్కడెవరికీ సరిగ్గా తెలియదు.

దినాల నాడు అందరూ లేచి పోయాక నేను వాకిట్లో ఒక్కణ్నే మిగిలాను. అత్త లోపలి గడప మీద కూర్చుని మొత్తం విన్నది. అప్పుడు వచ్చి నాకెదురుగా నేల మీద కూర్చుంది.

"నవ్విండా గాయిన?" అని అడిగింది.

"నవ్విండు అత్తా. పళ్లు కనపడేటట్టు."

"గా సిస్టరమ్మ ఏడ్సిందా?"

"ఏడ్చింది. నవ్వింది కూడా."

"ఆఖరుకు పిలిచిందా, గాయినె నేర్సుకున్న తీర్గనే?"

"రెండుసార్లు పిలిచింది."

ఆమె తల ఊపింది. కొంగుతో నేల మీద మెతుకులు ఒక దగ్గరికి చేర్చింది, మళ్లీ చేర్చింది. నేను నిజమే చెబుతున్నానని ఆమెకు తెలుసు. నలభై ఏళ్లు ఆ మాటల పక్కన పడుకున్న మనిషి. నన్ను నొప్పించకుండా ఉండాలని గొంతు తగ్గించి అన్నది:

"గా దినం ఆడ నువ్వు కాకుండ, వేరేటోడు ఎవడన్న ఉంటే మంచిగుండు పంతులూ."